కొత్త ఫ్లాట్‌లో ఫ్లోరింగ్: రంగు కంటే ముందు ఎత్తు చూడండి

మొదటి ఫ్లాట్‌లో మా బాత్‌రూమ్ తలుపు మూసుకోవడం మానేసింది. ఎందుకో చెప్తే నేను చెప్పదలుచుకున్నదాంట్లో సగం చెప్పినట్టే.

పాతవి పగలగొడితే దుమ్ము, గోల, పైగా ఆలస్యం, వాటి మీదే కొత్త టైల్స్ అంటించేద్దాం అన్నాడు మేస్త్రీ. మేమూ తలూపాం. టైల్ మందం 9 మి.మీ., కింద దాన్ని అంటించే అడెసివ్ 5 మి.మీ., మొత్తం 14. మొదట తలుపు కింద తగులుకుంది. కార్పెంటర్ వచ్చి అడుగు అంచు చెక్కేశాడు. చెక్కిన చోట రంగు వేయించాలని ఎవరికీ తోచలేదు. ఆ పచ్చి చెక్క నీళ్ళు తాగి ఉబ్బింది, తలుపు మళ్ళీ తగులుకుంది. అసలు దెబ్బ ఆ తర్వాత తెలిసింది. బాత్‌రూమ్ నేల అంతకుముందు హాలు కంటే 15 మి.మీ. పల్లంగా ఉండేది. పైన 14 పెరిగేసరికి మిగిలిన పల్లం ఒక్క మిల్లీమీటరు. స్నానం చేసిన ప్రతిసారీ నీళ్ళు హాల్లోకి నడిచొచ్చేవి. మా అత్తయ్య రెండేళ్ళపాటు గుమ్మం దగ్గర పాత తువ్వాలు చుట్ట చుట్టి ఆనకట్ట కట్టింది.

రెండో ఫ్లాట్ తీసుకున్నప్పుడు మా ఆయన రంగులు చూసుకుంటానన్నారు, నేను ఎత్తులు చూసుకుంటానన్నాను. ఈసారి తలుపులన్నీ మూసుకున్నాయి.

షాపుకి వెళ్ళకముందు ఒక గీత

ఖాళీ ఫ్లాట్ తాళాలు చేతికి రాగానే చేయించాల్సిన మొదటి పని, ఇల్లంతా గోడల మీద ఒకే మట్టంలో గీత గీయించడం. నేల నుంచి సుమారు ఒక మీటరు ఎత్తులో. లేజర్ లెవెల్ ఉంటే అరగంట పని. లేకపోతే నీళ్ళు నింపిన పారదర్శకమైన గొట్టంతో గీయొచ్చు. రెండు చివర్లా నీళ్ళు ఒకే మట్టంలో నిలబడతాయి కాబట్టి అదీ నమ్మకమైనదే, కాకపోతే గొట్టంలో గాలి బుడగ ఉండకూడదు. ఆ గీత నుంచి కిందికి ప్రతి గది మూలల్లో, మధ్యలో, ముఖ్యంగా ప్రతి గుమ్మం దగ్గర టేపు పెట్టి కొలవండి. గోడ మీదే పెన్సిల్‌తో అంకె రాయండి.

మా హాల్లో ఒక మూలకీ ఎదురు మూలకీ 11 మి.మీ. తేడా వచ్చింది. కంటికి మాత్రం అద్దంలా కనిపించింది. ఆ 11ని ఎక్కడో ఒకచోట సర్దాలి. అడెసివ్‌తో సర్దడం కుదరదు, అది పలచటి పొరగా వేసేది. ముందే సిమెంటు పూతతోనో, సెల్ఫ్ లెవెలింగ్ మిశ్రమంతోనో నేల చదును చేసుకోవాలి. ఈ ఖర్చు ఏ కొటేషన్‌లోనూ మొదట కనిపించదు, పని మొదలైన మూడో రోజున ప్రత్యక్షమవుతుంది.

తర్వాత ఒక కాగితం మీద గదికో వరస రాసుకోండి: ఇప్పుడున్న మట్టం, వేయబోయే ఫ్లోరింగ్ మందం, దాని కింద పొర మందం, చివరికి వచ్చే ఎత్తు. పక్కపక్క గదుల చివరి ఎత్తులు పోల్చండి. హాల్లో టైల్‌కి అడెసివ్‌తో కలిపి 14 మి.మీ., బెడ్‌రూమ్‌లో చెక్కలా కనిపించే లామినేట్ పలకలకి కింద ఫోమ్‌తో కలిపి 10 మి.మీ. అనుకుందాం. గుమ్మంలో 4 మి.మీ. మెట్టు వస్తుంది. కాలి బొటనవేలికి తగలడానికి అది చాలు. బెడ్‌రూమ్ నేలని ముందే 4 మి.మీ. లేపుకోవచ్చు, లేదా వాలుగా ఉండే పట్టీ కొట్టించుకోవచ్చు. ఏదైనా ముందు అనుకుంటే చిన్న పని, వేశాక అనుకుంటే గొడవ.

ఎత్తుతో పాటు బరువూ చూడాలి. 20 మి.మీ. రాయి వేసి, కింద 50 మి.మీ. సిమెంటు ఇసుక బెడ్డు పోస్తే చదరపు మీటరుకి సుమారు 160 కిలోలు పడుతుంది. అడెసివ్ మీద టైల్ అయితే 30 కిలోల లోపే. పాత ఫ్లోరింగ్ తీయకుండా దాని మీదే బెడ్డు పోసి రాయి పరుద్దామని ఎవరైనా అంటే, బిల్డింగ్ స్ట్రక్చరల్ ఇంజనీర్ని అడగకుండా ఒప్పుకోకండి.

చెక్క, లామినేట్ లాంటివి వేయాలనుకునేవాళ్ళకి ఇంకో పరీక్ష. కొత్త కాంక్రీటు పైకి పొడిగా కనిపించినా లోపల తడి ఉంటుంది. అడుగున్నర పొడవు, అడుగున్నర వెడల్పు పారదర్శకమైన ప్లాస్టిక్ షీటు నేల మీద పరిచి, నాలుగు వైపులా టేపు గట్టిగా అంటించి, కనీసం 16 గంటలు వదిలేయండి. తీసి చూస్తే లోపల చెమట పట్టినా, నేల ముదురు రంగుకి తిరిగినా ఆగాల్సిందే. మా ఇంట్లో హాలు పొడిగా వచ్చింది, బాత్‌రూమ్ గోడని ఆనుకున్న బెడ్‌రూమ్ మూల తడిగా వచ్చింది. వెతికితే పైపు జాయింటు కారుతోంది. ఆ ప్లాస్టిక్ ముక్క పెట్టకపోతే దాని మీద లామినేట్ పరిచేసేవాళ్ళం.

ఏది ఎక్కడ

వంటగది, బాత్‌రూమ్, బాల్కనీ వరకు నా ఓటు టైల్‌కే, ఇందులో నాకు రెండో ఆలోచన లేదు. విట్రిఫైడ్ టైల్ దాదాపు నీళ్ళు పీల్చదు, దాని పీల్చుకునే గుణం అర శాతానికి లోపే. మామూలు సిరామిక్ అంతకంటే బాగా ఎక్కువ పీల్చుకుంటుంది, అది గోడలకి చాలు. అయితే విట్రిఫైడ్ నీళ్ళు పీల్చదంటే సిమెంటు పాలనీ పీల్చదు. అందుకే ఉత్త సిమెంటు మీద అది సరిగ్గా పట్టుకోదు, పాలిమర్ కలిసిన అడెసివ్ కావాలి. సంచి మీద సీ2 అని ఉందో లేదో చూడండి. అడెసివ్ దగ్గర మిగుల్చుకునే డబ్బు మిగులు కాదు.

షాపులో నిగనిగలాడే టైల్ చూసి మనసు పారేసుకోవడం సహజం. మా ఆయనా పారేసుకున్నారు. నేను బ్యాగులోంచి నీళ్ళ సీసా తీసి, ఆ టైల్ మీద కాసిన్ని పోసి, చెప్పులు విప్పి నిలబడమన్నాను. సేల్స్‌మన్ నవ్వాడు గానీ, ఆయన వెంటనే మ్యాట్ టైల్స్ వైపు నడిచారు. జారకుండా పట్టే గుణానికి ఆర్9 నుంచి ఆర్13 దాకా గ్రేడు ఉంటుంది. హాలుకి ఆర్9 సరిపోతుంది. నీళ్ళు పడేచోట ఆర్10 లేదా ఆర్11 అడగండి. అంతకంటే గరుకైతే తుడిచేటప్పుడు గుడ్డ పీచులు పట్టుకుంటాయి, మురికి కూడా. పైన గ్లేజు ఉన్న టైల్‌కి అరుగుదలని తట్టుకునే పీఈఐ అంకె కూడా ఉంటుంది. ఇంట్లో నడిచే నేలకి 3 లేదా 4 చాలు.

ఇంకో చిన్న పరీక్ష. పొడుగు టైల్ తీసుకుంటుంటే రెండింటిని ముఖాముఖి పెట్టి అంచుల నుంచి చూడండి. కాల్చేటప్పుడు పొడుగు టైల్ కొద్దిగా వంపు తిరుగుతుంది, మధ్యలో ఉబ్బుగా ఉంటుంది. అందుకే 600 × 1200 టైల్స్‌ని ఇటుకల్లా సగానికి సగం జరిపి పేర్చితే ఒకదాని ఉబ్బు పక్కన ఇంకోదాని చివర పడి, సందుల దగ్గర ఎగుడుదిగుడు తేలుతుంది. జరపాలనుకుంటే మూడో వంతుకి మించి జరపొద్దని చెప్పండి. లేదా వరసగా పేర్చేయండి.

పాలరాయి అందం ఇంకేదానికీ రాదు, ఒప్పుకుంటాను. కానీ అది సున్నపురాతి జాతి, పులుపు పడితే మెరుపు పోయి మచ్చ మిగులుతుంది. అది మరక కాదు, రాయి పైపొర కరగడం. తుడిస్తే పోదు, మళ్ళీ పాలిష్ పట్టాల్సిందే. వంటింట్లో పాలరాయి వేసుకుని రోజూ గుడ్డ పట్టుకుని తిరిగే ఓపిక నాకు లేదు. గ్రానైట్‌కి ఆ బాధ లేదు, గట్టిది కూడా.

లామినేట్ అంటే నొక్కిన చెక్కపొట్టు పలక మీద ఫోటో అంటించి, పైన గట్టి పొర వేసినది. బెడ్‌రూమ్‌కి హాయిగా ఉంటుంది, పాదాలకి చల్లగా తగలదు. అరుగుదలని తట్టుకునే గుణానికి దీనికి ఏసీ గ్రేడు ఉంటుంది, ఏసీ3, ఏసీ4 ఇంటికి సరిపోతుంది. నీళ్ళు మాత్రం దాని శత్రువు. సందులోకి దిగితే అంచులు ఉబ్బుతాయి, ఉబ్బినవి మళ్ళీ కిందికి దిగవు. పిల్లలు, తడి గుడ్డ, తెరిచిన కిటికీ ఉన్న ఇంటికి ఎస్‌పీసీ మేలు. సున్నపురాతి పొడి, పీవీసీ కలిపి చేసిన పలకలు అవి, నీళ్ళకి ఉబ్బవు. పైన అరుగుదల పొర మందం అడగండి. బెడ్‌రూమ్‌కి 0.3 మి.మీ., అందరూ తిరిగే హాలుకి 0.5. షాపువాళ్ళు పలక మొత్తం మందం గురించే గొప్పగా చెప్తారు, మన్నికని తేల్చేది ఈ పై పొర.

ఈ రెండూ నేలకి అంటుకోవు, ఒకదానికొకటి క్లిక్ అయి నేల మీద తేలుతుంటాయి. కాబట్టి రెండు మీటర్ల బద్ద పెట్టి చూస్తే కింద 3 మి.మీ. కంటే ఎక్కువ సందు కనిపించకూడదు. అంతకంటే ఎక్కువుంటే నడిచినప్పుడు టకటకమంటాయి, కొన్నాళ్ళకి క్లిక్కులు విరుగుతాయి. గోడ పక్కన చుట్టూ ఖాళీ వదలాలి, లామినేట్‌కైతే 8 నుంచి 10 మి.మీ. వేడికీ తేమకీ అది సాగడానికి చోటు కావాలి. ఆ ఖాళీని స్కర్టింగ్, అంటే గోడ అడుగున కొట్టే పట్టీ, కప్పేస్తుంది. స్కర్టింగ్‌ని గోడకే కొట్టాలి, పలకకి కాదు. అలాగే గోడకి బిగించే బరువైన వార్డ్‌రోబ్‌ని వీటి మీద కూర్చోబెడితే ఒక చివర మేకు కొట్టినట్టవుతుంది. ముందు వార్డ్‌రోబ్, తర్వాత దాని అంచు దాకా ఫ్లోరింగ్. లామినేట్ పెట్టెలు వచ్చిన రోజే పరచొద్దు, అదే గదిలో 48 గంటలు పడుకోబెట్టండి.

అసలైన చెక్క గురించి నాకు అనుభవం లేదు, కాబట్టి ఒక్కమాటే. ఇంజనీర్డ్ వుడ్ కొనేటప్పుడు పైనున్న నిజమైన చెక్క పొర మందం అడగండి. మళ్ళీ గీకి పాలిష్ పట్టగలరా లేదా అన్నది దాన్ని బట్టే ఉంటుంది.

ఎన్ని పెట్టెలు?

మా బెడ్‌రూమ్ 3.6 మీటర్లు, 4.2 మీటర్లు. అంటే 15.12 చదరపు మీటర్లు. ముక్కలు కోయడానికి, పగుళ్ళకి 10 శాతం కలిపితే 16.63. మేం మొదట అనుకున్న 600 × 1200 టైల్ పెట్టెకి రెండు, అంటే పెట్టెకి 1.44 చదరపు మీటర్లు. భాగిస్తే 11.55, కాబట్టి 12 పెట్టెలు. దాచుకోవడానికి ఇంకొకటి, మొత్తం 13. ఐమూలగా పేర్చాలంటే 10 కాదు, 15 శాతం కలపాలి.

కాగితం మీద 3.6 మీటర్లకి సరిగ్గా ఆరు వరసలు వస్తాయని నేను మురిసిపోయాను. మేస్త్రీ నవ్వి, "సందులు ఎవరు లెక్కేస్తారమ్మా?" అన్నాడు. టైల్‌కీ టైల్‌కీ మధ్య 2 మి.మీ., గోడ పక్కన కాస్త ఖాళీ, ఇవన్నీ కలిస్తే చివరి వరస కొద్దిగా కోయాల్సిందే. అందుకే పని మొదలుపెట్టకముందు పొడిగా, అడెసివ్ లేకుండా ఒక నిలువు వరస, ఒక అడ్డ వరస పరిపించి చూడండి. గుమ్మంలో నిలబడ్డవాళ్ళకి నిండు టైల్ కనిపించాలి, ముక్కలు మంచం కిందికో బీరువా వెనక్కో పోవాలి. రెండు వేళ్ళ వెడల్పు ముక్క ఎక్కడైనా వస్తుంటే మొదలుపెట్టే చోటు జరిపించండి.

పెట్టెలు దిగగానే అన్నింటి మీదా బ్యాచ్ నంబరు, షేడ్ నంబరు ఒకటేనా చూసుకోండి. పేరు ఒకటే అయినా బ్యాచ్ మారితే రంగు మారుతుంది, ఒక్కోసారి కొలత కూడా అర మిల్లీమీటరు మారుతుంది. మాకు రెండు పెట్టెలు వేరే బ్యాచ్‌వి వచ్చాయి. లారీ కదలకముందే చూశాం కాబట్టి వెనక్కి పోయాయి.

ఏది ముందు, ఏది తర్వాత

పగలగొట్టడం, గోడల్లో కరెంటు పైపులకీ నీళ్ళ పైపులకీ గాడులు కోయడం అన్నింటికంటే ముందు. ఆ గాడులు మూసేముందు ప్రతి గోడకీ టేపు పక్కన పెట్టి ఫోటో తీసుకోండి. నాలుగు నెలల తర్వాత గోడకి మేకు కొట్టేటప్పుడు ఆ ఫోటో విలువ తెలుస్తుంది. తర్వాత బాత్‌రూమ్ వాటర్‌ప్రూఫింగ్, ఆ వెనక ఫాల్స్ సీలింగ్, పుట్టీ లాంటి దుమ్ము పనులు, ఆపైన టైల్స్. గోడలకి చివరి కోటు తప్ప మిగతా రంగులు అయ్యాక వార్డ్‌రోబ్‌లు, వాటి తర్వాత లామినేట్ లేదా ఎస్‌పీసీ. స్కర్టింగ్, చివరి కోటు రంగు ఆఖరున. తలుపుల అడుగు కోయించడం ఫ్లోరింగ్ పూర్తయ్యాకే, కోసిన అంచుకి ఆ రోజే రంగో వార్నిషో పట్టించాలి.

వేసిన టైల్స్ మీద మిగతా పనివాళ్ళు నిచ్చెనలు లాగుతారు, స్క్రూలు పడేస్తారు. కాబట్టి ముందు శుభ్రంగా ఊడ్చి, దాని మీద మందపాటి అట్టలు గానీ ప్లాస్టిక్ షీట్లు గానీ పరిపించండి. ఊడవకుండా కప్పితే కింద ఇసుక రేణువులే ఉప్పుకాగితంలా గీస్తాయి.

బాత్‌రూమ్ దగ్గర మాత్రం తొందరపడకండి. వాటర్‌ప్రూఫింగ్ పొర నేలతో ఆగకూడదు, గోడల మీదికి కనీసం 15 సెంటీమీటర్లు, షవర్ దగ్గర తలెత్తు దాకా ఎక్కాలి. ఆరాక నీళ్ళు పోయే రంధ్రం బిగించి, అంగుళం ఎత్తు నీళ్ళు నింపి, గోడ మీద మట్టం గుర్తు పెట్టి, 24 గంటలు వదిలేయాలి. కింది ఫ్లోర్‌వాళ్ళ ఇంటికెళ్ళి సీలింగ్ చూసి రావాలి. మా కాంట్రాక్టర్ రెండు గంటలు చాలన్నాడు. నేను ఒప్పుకోలేదు, ఆ రోజు కూలి దండగని సణుక్కుంటూ వెళ్ళిపోయాడు. మర్నాడు మట్టం గుర్తు దగ్గరే ఉంది. ఉన్నందుకు ఆయనకీ నాకూ సంతోషమే.

ఇక వాటం. మీటరుకి 10 నుంచి 12 మి.మీ. వాలు ఉంటే నీళ్ళు వాటంతటవే రంధ్రం వైపు పోతాయి. టైల్స్ వేసిన మర్నాడు మగ్గుతో నీళ్ళు అన్ని మూలల్లో పోసి చూడండి. గ్రౌటింగ్, అంటే టైల్స్ మధ్య సందులు నింపడం, అవ్వకముందే చూడాలి, అప్పటికైతే తప్పు టైల్ లేపడం తేలిక.

పనివాళ్ళతో

ఒప్పందం కాగితం మీద ఉండాలన్నది అందరూ చెప్పేదే. అందులో ఏం రాయాలో ఎవరూ చెప్పరు. కొలత ఎలా లెక్కిస్తారు: పరిచిన నేలా, కొన్న టైలా? స్కర్టింగ్ అందులోనా, విడిగా అడుగు లెక్కనా? నేల చదును చేయడం ఎవరిది? అడెసివ్, గ్రౌట్, స్పేసర్లు ఎవరు తేవాలి? రద్దు, అంటే పనిలో వచ్చే పగిలిన ముక్కలు, చెత్త, కిందికి దించి బయటికి పంపేది ఎవరు? మాకు మొదటి ఇంట్లో ఈ రద్దు దగ్గరే పేచీ వచ్చింది, రద్దు సంచులు పది రోజులు బాల్కనీలో కూర్చున్నాయి. రోజుల లెక్కన కాకుండా పని అయిన దశల లెక్కన డబ్బులివ్వండి. పదో వంతు చివరి తనిఖీ దాకా చేతిలో ఉంచుకోండి, ఆ మాట మొదటి రోజే చెప్పేయండి. చివర్లో చెప్తే మోసం చేసినట్టు ఉంటుంది.

రోజంతా అక్కడ కూర్చోనక్కర్లేదు. నేను పొద్దున అరగంట, సాయంత్రం అరగంట వెళ్ళేదాన్ని. మొదటి రోజు మాత్రం నాలుగో టైల్ అంటించగానే దాన్ని లేపి చూపించమన్నాను. వెనక అడెసివ్ ఎంత పట్టిందో చూడాలి. పొడి గదుల్లో కనీసం 80 శాతం, తడి చోట్ల 95 శాతం పట్టాలి. నాలుగు మూలలా ఉండలు పెట్టి నొక్కేస్తే మధ్యలో డొల్ల మిగులుతుంది, బరువైనది పడిన రోజు టైల్ పగులుతుంది. పళ్ళ తాపీతో అడెసివ్‌ని ఒకే దిక్కుకి గీయాలి, పెద్ద టైల్ అయితే దాని వెనక కూడా పలచగా రాయాలి. లేపమన్నప్పుడు మేస్త్రీ ముఖం మాడింది నిజమే. "మీ పని మీద అనుమానం కాదు మేస్త్రీ గారూ, మొదటి ఇంట్లో మోసపోయాం" అన్నాను. ఆ తర్వాత ఆయనే పిలిచి చూపించేవాడు.

మర్నాడు కర్ర చివరతో ప్రతి టైల్ మీద తట్టుకుంటూ పోండి. డొల్ల శబ్దం వచ్చినవాటికి చాక్‌పీస్‌తో గుర్తు పెట్టండి. మూలలో చిన్న చోటు డొల్లగా ఉంటే వదిలేయొచ్చు, మధ్యలో అరచేయంత ఉంటే మార్పించాల్సిందే. గ్రౌట్ ఆ తర్వాతే. వంటగదికీ బాత్‌రూమ్‌కీ ఎపాక్సీ గ్రౌట్ మరకలు పట్టదు, కానీ త్వరగా గట్టిపడుతుంది. పూసిన వెంటనే తుడవకపోతే టైల్ మీద జిగురు పొర మిగిలిపోతుంది. కాబట్టి కాస్త కాస్త కలిపి పూసే మనిషే కావాలి.

ఇరుగుపొరుగు సంగతి ఒక్క మాటలో: పగలగొట్టే రోజులు ముందే పక్కింటికీ కింది ఇంటికీ వెళ్ళి చెప్పండి, అసోసియేషన్ దగ్గర పని వేళలు, లిఫ్ట్ వాడకం గురించి రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి, డ్రెయిన్ రంధ్రాలన్నీ గుడ్డతో మూయించండి. సిమెంటు నీళ్ళు పైపులో గడ్డకడితే ఆ టెన్షన్ మీ ఒక్కరిదే కాదు, మీ కింద ఉన్న అన్ని ఇళ్ళది.

పని అప్పగించే రోజు కాంట్రాక్టర్‌తో పాటు ఇల్లంతా తిరగండి, పగటి వెలుగులో. ప్రతి తలుపూ పూర్తిగా తెరిచి మూయండి. ప్రతి గుమ్మంలో చెప్పుల్లేకుండా అటూ ఇటూ నడవండి. మిగిలిన ఒక పెట్టె టైల్స్, ఒక సంచి గ్రౌట్ పొడి, లేబుల్ చింపకుండా అటక మీద పెట్టించండి. మా అటక మీద ఇప్పుడు అవి ఉన్నాయి, పక్కనే అత్తయ్య పాత తువ్వాలు. ఎందుకైనా మంచిదని ఆవిడే దాచింది.